విశ్వాసము, సందేహము, ఒక గబ్బిలము

తిరుచానూరులో పద్మసరోవరపు మెట్లమీద సంధ్యవేళ కొంతసేపు కూర్చున్నవారికి కనబడు దృశ్యమొకటి కలదు. వెలుగు పూర్తిగా పోకమునుపే రాతి సందులనుండియు, మండపముల కప్పులనుండియు చిన్న గబ్బిలములు ఒకటొకటిగా వెలువడును. నీటిపై పురుగులను పట్టుకొనుచు, దిక్కు తెలియనట్లు వంకరలు తిరుగుచు, కొంతసేపటికి చీకటిలో కలిసిపోవును. యాత్రికులలో పలువురు వానిని చూడనే చూడరు. చూచిన స్త్రీలలో కొందరు కొంగు తలపైకి లాగుకొందురు. గబ్బిలము ఇంట దూరినచో కీడు అని మన పెద్దలు చెప్పుదురు గదా!

అట్టి గబ్బిలమును గూర్చి మా వీథిలోని ఒక పెద్దమ్మ నన్ను ఒకనాడు ప్రశ్నించినది. ఆమె మిషను ఆసుపత్రిలో చిరకాలము నర్సుగా పనిచేసి ఇప్పుడు విశ్రాంతిగా కాలము గడుపుచున్నది. ఆదివారమునాడు తిరుపతి పోయి ఆరాధనలో పాల్గొనును. తక్కిన దినములలో ఆమెకు తోడు రేడియో, వేపచెట్టు మీది ఉడుతలు, అద్దాల బీరువాలోని నలుబది యేబది పుస్తకములు. ఒక రాత్రి రేడియోలో జాషువ ‘గబ్బిలము’నుండి కొన్ని పద్యములు వినవచ్చినవి. మరునాటి ఉదయమే ఆమె మా గుమ్మము ముందు నిలిచి, “అయ్యవారూ, ఆయన క్రైస్తవుడే గదా! తన మొర ఏసయ్యకు చెప్పుకోకుండా శివునికి ఏంటికి పంపించినాడు?” అని అడిగినది. నేను సమాధానము వెదకుకొనుచుండగానే గొంతు తగ్గించి మరియొక మాట చెప్పినది. “మా ఇంటాయన పోయినప్పటినుంచి నాకు ప్రార్థన సరిగా కుదరడం లేదు. మోకాళ్ళమీద కూర్చుంటే మాట రాదు. ఆ పద్యాలు వింటే మాత్రం మనసు కుదుటపడుతుంది. పొద్దున చెట్టుకింద ఉడతల్ని చూస్తా కూర్చున్నా అంతే. ఇది తప్పు కాదా?”

మొదటి ప్రశ్న సాహిత్యమునకు సంబంధించినది. రెండవది అట్లు కాదు. నేను బడిపంతులును, మతవిషయములలో తీర్పు చెప్పు అధికారము నాకు లేదు. కాని రెండు ప్రశ్నలకును ముడి ఒక్కచోటనే యున్నదని నాకు తోచినది. ఆ ముడిని జాషువ జీవితమునుండియే విప్పి చూపుటకు ఈ ప్రసంగమున ప్రయత్నించెదను.

గుఱ్ఱం జాషువ 1895వ సంవత్సరము సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించెను. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. మోషే తరువాత ఇశ్రాయేలీయులను నడిపించిన యెహోషువ పేరే ఇంగ్లీషు దారిన వచ్చి తెలుగున జాషువ యైనది. పేరు బైబిలు పేరు. ఊరివారి లెక్కలో మాత్రము ఆ బాలుడు అంటరానివాడు. అట్టి బాలునికి కాళిదాసును చదువవలెనను కోరిక పుట్టెను. జూపూడి హనుమచ్ఛాస్త్రి అను పండితుడు ఆయనకు మేఘసందేశమును, రఘువంశమును, కుమారసంభవమును పాఠము చెప్పెను. ఆనాటి కట్టుబాట్లు ఎఱిగినవారికి, అడిగిన శిష్యుని సాహసము గొప్పదా, చెప్పిన గురువు సాహసము గొప్పదా అని నిర్ణయించుట కష్టము.

పొట్టకూటికై ఆయన పలు పనులు చేసెను. రాజమహేంద్రవరమున మూగ చలనచిత్రములు ఆడుచోట, తెరమీద బొమ్మలు కదలుచుండగా కథయు సంభాషణలును చదివి వినిపించుట అందులో ఒకటి. బొమ్మ యున్నది, మాట లేదు. ఆ మాట ఆయన ఇచ్చెను. మన రేడియోది సరిగా దీనికి తలక్రిందైన సంసారము. అటుపిమ్మట గుంటూరులో లూథరను సంఘమువారి ఉపాధ్యాయ శిక్షణాలయమున పదేండ్లు పనిచేసెను, ఉభయభాషాప్రవీణ పరీక్ష నిచ్చెను, తెలుగు పండితుడయ్యెను.

చదువు ఆయనకు ఇచ్చిన ఆనందమునకు ఇరువైపుల వెల చెల్లింపవలసి వచ్చెను. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యములు చదివినందుకు, ఈతనిని సభలోనికి ఏల రానిచ్చితిరని కొందరు అవమానించిరి. ఇటు క్రైస్తవ మతపెద్దలకు, తమవాడు హిందూ పురాణగాథలపై రచనలు చేయుట గిట్టకపోయెను; వారు ఆయనను సంఘమునుండి వెలివేసిరని ఆయన జీవితకథలలో చెప్పబడుచున్నది. ఒకరు మా పద్యము నీవేల చదివితివనిరి. ఇంకొకరు వారి పద్యము నీవేల వ్రాసితివనిరి. చదువుకొనుట వంటి నిరపాయమైన వేడుక ఈ లోకమున మరియొకటి లేదని అనుకొను మనవంటివారు ఈ సంగతి దగ్గర కొంచెము ఆగవలెను.

‘గబ్బిలము’ 1941లో వెలువడెను. కథ చిన్నది. తంజావూరును రఘునాథ నాయకుడు ఏలుచున్న కాలము. అరుంధతి సంతతివాడని చెప్పబడు ఒక పేదవాడు, ఊరికి వెలియైనవాడు, పగలెల్ల చాకిరి చేసి రాత్రికి గుడిసె చేరును. అచటికి ఒక గబ్బిలము వచ్చును. దానిని తరుమక ఆదరించి, తన బ్రతుకంతయు చెప్పుకొని, ఉత్తరమున నున్న శివునికి ఈ సంగతి చేర్చుమని వేడుకొనును. కాళిదాసుని యక్షుడు మేఘమును పంపినట్లు ఇతడు గబ్బిలమును పంపెను. ఐతే యక్షునికి శాపము ఒక సంవత్సరమే; గడువు తెలిసినవాని దుఃఖమది. ఇతనిది పుట్టుకతో వచ్చిన శాపము. దానికి గడువు చెప్పినవారు లేరు. యక్షునిది ప్రేమలేఖ. ఇతనిది ఫిర్యాదు.

మేఘమునకు యక్షుడు దారి చెప్పినట్లే ఇతడును గబ్బిలమునకు దారి చెప్పును. తెలుగువారి పూర్వవైభవము నిలిచిన చోట్లను చూచి పొమ్మనును. తనకు నిలువ నీడ లేని ఊళ్ళ అందమును వర్ణించుటలో ఎక్కడను పిసినారితనము చూపడు. నన్ను అడిగినచో ఆ కావ్యమున కంట తడిపెట్టించు భాగము ఆ దారియే. దుఃఖమును చెప్పుకొనుటకు వచ్చినవాడు నడుమ ఆగి, ఇదిగో ఈ నదిని చూడుము, ఈ కోటను చూడుము అనుచున్నాడు.

శివునికి మొర ఎట్లు విన్నవింపవలెనో కూడ చెప్పును. గుడిలో నీవు తలక్రిందుగా వ్రేలాడునప్పుడు స్వామి చెవి నీకు దగ్గరపడును. పూజారి లేని సమయము చూచి నా సంగతి చెప్పుమని. ఈ ఒక్క కోరికతో ఆనాటి సమాజమంతయు ఎదుట నిలుచును. కావ్యము వెలువడిన ఆరేండ్లకు, 1947లో, మద్రాసు రాష్ట్రమున దేవాలయ ప్రవేశపు చట్టము వచ్చెను. చిత్తూరు మండలము అప్పుడు మద్రాసు రాష్ట్రములోనిదే. కావున 1941లో మన తిరుచానూరున ఎవరైనను ఆ పుస్తకము తెఱచి చదివియుండినచో అది తంజావూరి పాతకాలపు కథగా తోచియుండదు. కోనేటిమీద తిరుగు ఈ చిన్న ప్రాణికి మండపములోపల చోటుండెను. ఆ కావ్యనాయకుని వంటివారిని ఆచారము వాకిటనే ఆపుచుండెను.

దూతగా కవి హంసను ఎన్నుకొనలేదు, చిలుకను ఎన్నుకొనలేదు. ఎన్నిక గబ్బిలముపై పడుటకు గుడిలో నుండుట ఒక్కటే కారణము కాదని నా ఊహ. మన నమ్మకములలో అది అశుభము. బైబిలున కూడ దానికి మర్యాద లేదు. లేవీయకాండము పదునొకండవ అధ్యాయమున ఇశ్రాయేలీయులు తినరాని, హేయమైన పక్షుల జాబితా యున్నది. అందులో చిట్టచివరి పేరు గబ్బిలము. కవి చిన్ననాటినుండి విన్న రెండు సంప్రదాయములును ఏకమై త్రోసివేసిన ప్రాణి అది. వెలివేయబడినవాడు తన మొరను వెలివేయబడిన దానిచేతనే పంపెను.

పక్షి అని అలవాటుగా అనుచున్నాము గాని, గబ్బిలము పక్షి కాదు. పిల్లను కని పాలిచ్చును. మఱ్ఱిచెట్లకు వ్రేలాడి పండ్లు తిను పెద్దవి వేరు. కోవెలలలో నుండి పురుగులను తిను చిన్నవి వేరు. ఈ చిన్నవి చీకటిలో దేనికిని తగులుకొనక ఎట్లు తిరుగునని పదునెనిమిదవ శతాబ్దమునందే ఒక క్రైస్తవ గురువుకు సందేహము కలిగెను. ఆయన ఇటలీ దేశస్థుడైన లాజరో స్పల్లంజాని. కథోలిక గురువు, ప్రకృతిశాస్త్రజ్ఞుడును. 1793 ప్రాంతమున ఆయన చేసిన పరీక్షలలో కన్నులు పోయిన గబ్బిలములు కూడ దారి తప్పలేదు. జెనీవాలో లూయీ జ్యురిన్ అను వైద్యుడు వాని చెవులు మూసి చూడగా అవి దారి తప్పి అన్నిటికిని తగులుకొనెను. కంటికి కాక చెవికి దారి తెలియునన్న మాట ఆనాడు పండితులకు నవ్వు పుట్టించెను. అమెరికాలో డొనాల్డ్ గ్రిఫిన్ 1938లో యంత్రముతో పరీక్షించి, మన చెవికి అందని సన్నని కూతలు గబ్బిలము వేయుననియు, అవి తగిలి మరలివచ్చు చప్పుడునుబట్టి అది దారి తెలిసికొనుననియు తేల్చుటకు మార్గము వేసెను. ఆ తరువాత మూడేండ్లకే జాషువ కావ్యము. ఈ సంగతి ఆయనకు తెలిసియుండవలెనని కాదు. ఇతరులకు వినబడని దానిని వినుటయే బ్రతుకుగా గల ప్రాణి చేతికి మొర చిక్కుట నాకు సంతోషము కలిగించుచున్నది, అంతే.

ఇక పెద్దమ్మ మొదటి ప్రశ్నకు వత్తము. శివునికే ఏల? కావ్యనాయకుడు క్రైస్తవుడు కాడు గదా, అతడు శివుని నమ్మినవాడు అని ఒక సమాధానము చెప్పవచ్చును. అది నిజమే కాని చాలదు. అట్టి నాయకుని కల్పించినవాడు జాషువయే గదా. ఏ కచ్చేరి ఎల్లలలో అన్యాయము జరిగినదో ఆ కచ్చేరిలోనే అర్జీ పెట్టుకొనవలెను. ఆ పేదవానిని గుడివెలుపల నిలిపినది శివుని పేరు చెప్పుకొని. కావున జవాబు చెప్పవలసినవాడు శివుడు. మరియొక దేవుని దగ్గరకు పోయి మొరపెట్టుకొనినచో మొదటి కచ్చేరివారు హాయిగా ఊపిరి పీల్చుకొందురు.

మరి రెండవ కచ్చేరిలో మాత్రము న్యాయము సులభముగా దొరకుచుండెనా? ఆ తంజావూరి సంగతియే చూడుడు. క్రైస్తవ సంఘములలో కులభేదములు మానవలెనని కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ 1833లో ఆజ్ఞాపత్రము పంపగా, తంజావూరి క్రైస్తవులలో అనేకులు ప్రతిఘటించిరి. తమిళమున గొప్ప క్రైస్తవ కవియని పేరుగన్న వేదనాయగ శాస్త్రి కూడ ఆ ప్రతిఘటించినవారిలో నుండెను. ఒకే ప్రార్థనామందిరములో వేర్వేరు చోట్ల కూర్చుండుట మానుటకు వారు ఒప్పుకొనలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల జాబితాను మొదట హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. దళిత క్రైస్తవులను చేర్చలేదు. మతము మారినను ఊరు వారిని చూచు చూపు మారలేదు. ప్రభుత్వపు కాగితము మాత్రము మారినది. జాషువకు ఈ రెండు కచ్చేరీలును తెలియును. శివునికి వ్రాసిన అర్జీకి నకలు ఒకటి ఇటుకూడ పంపబడినదని చదువుకొనుట తప్పు కాదు.

ఆ అర్జీలోని విశ్వాసము ఎంత, సందేహము ఎంత? నమ్మనివాడు మొర పెట్టుకొనడు. వినువాడు ఒకడున్నాడని తలచినప్పుడే నోరు తెఱచును. పూర్తిగా నమ్మినవాడు పూజారి లేని సమయము చూడుమని చెప్పడు. దేవుడు సర్వాంతర్యామియైనచో నడుమ ఈ గబ్బిలమేల? ఆ పేదవాని మనసులో రెండును ఉన్నవి. ఒకటి రెండవదానిని గెంటివేయుట లేదు. తెలుగున ఇంత ధైర్యముగా ఈ రెంటిని ఒక్కచోట కూర్చుండబెట్టిన కావ్యములు అరుదు.

క్రైస్తవ సంప్రదాయమునకు ఇది క్రొత్త కాదు. పన్నిద్దరు శిష్యులలో తోమా అనువాడు, గాయములలో వ్రేలు పెట్టి చూచినగాని నమ్మనని పట్టుబట్టెను. ఆ తోమాయే మనదేశమునకు వచ్చి మైలాపూరున ప్రాణములు విడిచెనని దక్షిణాది క్రైస్తవులు తరతరములుగా నమ్ముచున్నారు. మైలాపూరు మనకు సుమారు 140 కిలోమీటర్ల దూరమే. నమ్మకము తడబడిన శిష్యునినే ఈ నేల తనవానిగా చెప్పుకొనుట ఎంత చక్కగా నున్నది!

తోమా కంటె పెద్దమ్మకు దగ్గరివాడు యోబు. ఆస్తి పోయినది, బిడ్డలు పోయిరి, ఒళ్ళంతయు పుండ్లు పడెను. నేనేమి పాపము చేసితినని దేవునే నిలదీసెను. ఓదార్ప వచ్చిన మిత్రులు దేవుని పక్షమున వాదించి, తప్పు నీలోనే యుండవలెననిరి. గ్రంథాంతమున దేవుడు కోపించినది నిలదీసిన యోబుపై కాదు, తన తరఫున వాదించిన ఆ మిత్రులపై. ఇది చాలమంది మరచెడి సంగతి. అంతకు ముందు దేవుడు యోబుకు సమాధానముగా ఏమి చెప్పెను? నీ బిడ్డలు ఏల చనిపోయిరో చెప్పలేదు. ఆకలితో అరచు కాకిపిల్లలను చూపెను. కొండమేకలు ఈను కాలమును, అడవిగాడిద స్వేచ్ఛను, గ్రుడ్లను నేలమీద వదలి పరుగెత్తు నిప్పుకోడిని, డేగ ఎగురు తీరును చూపెను. కొన్ని అధ్యాయములు పూర్తిగా ఇదే. ప్రశ్నకు జవాబు లేదు. లోకము కన్నులెదుట పరచబడినది. యోబు దానితో శాంతించెను. ఎట్లు శాంతించెనో వ్యాఖ్యాతలు వేల యేండ్లుగా తర్కించుకొనుచున్నారు. క్రీస్తు కూడ, రేపటిని గూర్చి దిగులుపడువారికి ఆకాశమున తిరుగు పక్షులను, అడవిపూలను చూడుమని చెప్పినట్లు మత్తయి సువార్త ఆరవ అధ్యాయమున ఉన్నది.

జాషువకు పక్షులను, పురుగులను చూచుట ఊరక వచ్చిన గుణము. గిజిగానిపై ఆయన వ్రాసిన ఖండిక బడిపిల్లల వాచకములలో ఎక్కినది, సాలీనిపైనను వ్రాసెను. స్వర్ణముఖి ప్రక్క పల్లెలలో వానకాలమున బావిమీదికి వంగిన తుమ్మకొమ్మలను చూచినవారికి గిజిగాని గూళ్ళు పరిచితములే. గడ్డిపోచలను, ఈతాకు తాటాకు చీలికలను ముక్కుతో చీల్చి, ముడివేసి, అల్లి, క్రిందికి గొట్టము వ్రేలాడునట్లు మగపక్షి ఆ గూడు కట్టును. సగము కట్టిన పిమ్మట ఆడపక్షి వచ్చి పరీక్షించును. నచ్చినచో మిగిలిన పని సాగును. నచ్చనిచో ఆ గూడు అట్లే వ్రేలాడుచుండును. లోపలిగోడకు బురద మెత్తును. ఆ బురదలో మిణుగురులను గ్రుచ్చి దీపము పెట్టుకొనునని మన పల్లెలలో చెప్పుకొందురు. అది కవుల సొత్తుగా ఉంచుదము. బొంబాయి సమీపమున కిహిమ్ గ్రామములో 1930లో వీనిని ఓపికగా కనిపెట్టి చూచిన సలీం అలీ, ఒక్కొక్క మగపక్షి ఒక గూడు సంసారమునకు అప్పగించి మరియొక గూటికి శ్రీకారము చుట్టునని కనుగొనెను. ఈ కుటుంబధర్మమును పాఠము చెప్పునప్పుడు పిల్లలకు చెప్పవలెనా అని నేను పలుమార్లు తటపటాయించితిని!

పేదరికము, అవమానము ఎఱిగిన మనిషి ఆ గూటిని చూచి తన కష్టమును దానికి పూయలేదు. పనివానిని పనివాడు చూచినట్లు చూచెను. ఆ చూపునకు మతముతో పని లేదనవచ్చును. అదియే ప్రార్థన అనువారును కలరు. నేను రెండవ పక్షమునకు కొంచెము మొగ్గుదును గాని వాదింపను.

జాషువ తుదకు ఏ పక్షమున నిలిచెనని అడుగువారికి సూటియైన జవాబు దొరకదు. సంఘపు వెలి తరువాత ఆయన నాస్తికత్వమువైపు మొగ్గెనందురు. కాని 1957 మొదలు 1959 వరకు మద్రాసు రేడియో కేంద్రమున కార్యక్రమ నిర్మాతగా నున్న కాలముననే, 1958లో, ‘క్రీస్తు చరిత్ర’ ప్రకటించెను. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. ‘గబ్బిలము’లోని మంట ఆ కావ్యమున లేదని నాకనిపించును; అందులోని క్రీస్తు మాత్రము పూజారులచేతను అధికారులచేతను శిక్షింపబడిన పేదవాడు, ఆ తంజావూరివానికి దూరపు చుట్టము. 1960లో ఆయన కుమార్తె హేమలత పెండ్లాడినది ఎవరిననుకొన్నారు? నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుని. 1930లో ఉప్పు సత్యాగ్రహపు రోజులలో పుట్టినందున ఆయనకు లవణమని పేరు. క్రీస్తు తన శిష్యులను లోకమునకు ఉప్పువంటివారన్నాడు గదా. క్రీస్తు కథ వ్రాసిన కవికి ఆ పేరు గల నాస్తికుడు అల్లుడయ్యెను. హేమలత తరువాత స్టూవర్టుపురమునందును, జోగినుల మధ్యను చేసిన సేవ పలువురు ఎఱిగినదే. ఆమె 2008లో కన్నుమూసెను. జాషువ 1971 జూలై 24న గతించెను. ఆయన ‘శ్మశానవాటి’ పద్యములను హరిశ్చంద్ర నాటకములలో విని కన్నీరు పెట్టుకొన్న పల్లెజనులలో ఎంతమందికి ఆ కవి పేరు, ఊరు తెలియును? కాటిలో అందరును సమానులని చెప్పుటకు, ఊరిలో సమానత్వము దొరకనివాని పద్యమే కావలసి వచ్చెను.

ఈ సంగతులన్నియు పెద్దమ్మకు ఒక్కసారిగా చెప్పలేదు. నాలుగైదు సాయంకాలములు పట్టినది. ఆమె మధ్యమధ్య నా మాట ఖండించినది కూడ. వెలివేసిన పెద్దలను నేను కొంచెము కటువుగా మాట్లాడగా, “వాళ్ళూ భయపడినారేమో అయ్యవారూ, గుంపు చిన్నదైతే భయం ఎక్కువ” అన్నది. రోగుల మంచముల ప్రక్క రాత్రులు గడిపినవారికి అట్టి మాటలు వచ్చును. రెండవ ప్రశ్నకు నేను తప్పనియు ఒప్పనియు చెప్పలేదు. యోబు గ్రంథపు చివరి అధ్యాయములను మరల చదువుమని మాత్రము చెప్పి, నా ‘గబ్బిలము’ ప్రతిని ఆమెకిచ్చితిని. పూర్వము కుట్టు ఊడిన పుస్తకమది. ఆమె కుట్టి అట్ట వేసి పదిరోజులకు తెచ్చి యిచ్చినది.

ఆనాడు కోనేటి గట్టున ఇద్దరమును కూర్చుంటిమి. చీకటి పడుచుండెను. మొదటి గబ్బిలము మండపమునుండి వెలువడి నీటిమీద ఒక చుట్టు తిరిగెను. ఆమె కొంగు తలపైకి లాగుకొనలేదు. దానిని కొంతసేపు చూచి, “యోబులో వెదికినాను అయ్యవారూ. కాకి ఉంది, నిప్పుకోడి ఉంది, గుఱ్ఱము, డేగ, అన్నీ ఉండాయి. గబ్బిలం మాత్రం లేదు” అన్నది.